వాయిదాల మంచము

ధ్యానభాగములు: సామెతలు 22:26–27, 2 రాజులు 4:1–10



సామెతల గ్రంథము 22వ అధ్యాయములో, ఇతరుల అప్పునకు పూచీపడువారిని గూర్చి ఒక హెచ్చరిక యున్నది. అప్పు తీర్చలేని దినము వచ్చినయెడల, అప్పిచ్చినవాడు మనము పండుకొను పడకనే లాగుకొనిపోవునని దాని భావము. సెమినరీలో చదువుకొను దినములలో మేము దీనిని ఒక అలంకారముగా తలంచితిమి. పొలము పోవుట విన్నాము, గొడ్డు పోవుట కన్నాము. పడక పోవుట ఎక్కడను చూడలేదు. ఈ సంవత్సరము శ్రమదినములు ఆరంభమైన వారములో అది మా సంఘములోనే అక్షరాల జరిగినది. ఆ కుటుంబమువారు సమ్మతించినందున, పేరులు విడిచి వ్రాయుచున్నాము.

వారు కూలిపని చేసికొను ఇంటివారు. కడపటి కుమార్తెకు గత మే మాసములో వివాహమైనది. సారెలో బీరువాను మేనమామలు పెట్టిరి. మంచము తండ్రి వంతు. చేతిలో 2,000 రూపాయలకు మించి లేదు. ఊరూర మోపెడుమీద తిరుగు వాయిదాల వ్యాపారి ఒకడు ఫోనులో బొమ్మలు చూపెను. తలవైపు పలకమీద నెమలిబొమ్మ గల డబుల్ కాట్ మంచము, దానిమీద పరుపు. రొక్కమునకైన 18,000. వాయిదాలకైన ముందు 2,000, తరువాత వారమునకు 500 చొప్పున 52 వారములు. “వారానికి అయిదువందలే గదా అయ్యగారూ, ఇద్దరం పోతే ఒక్కరోజు కూలి” అని ఆ తల్లి మాతో అనెను. ఆమె చెప్పినది తప్పు కాదు. ఆ ఒక్క వారమును చూచినంతవరకు ఎవరికైనను అట్లే తోచును.

పెండ్లినాడు ఆ మంచమును ట్రాక్టరుమీద ఎక్కించి, ఊరంతటికి కనబడునట్లు అత్తవారి ఊరికి పంపిరి. ట్రాక్టరు కదలకముందు ఆ సామానుమీద చేయి ఉంచి ప్రార్థించినవారము మేమే. ఇంకొకటికూడ ఒప్పుకొనవలెను. వ్యాపారి జామీను అడిగినప్పుడు, పెండ్లియింటివారి ముఖము చూచి, కార్డు చదువకయే దాని వెనుక సంతకము చేసినవారమును మేమే. పూచీని గూర్చిన వాక్యముమీద ప్రసంగించిన నోరు మాది. సంతకము పెట్టిన చేయియు మాదే.

38 వారములు ఒక్క వాయిదా తప్పలేదు. జనవరి కడపట, మిరపకోతలకు కూలీలను తీసికొనిపోవు ఆటో బోర్లపడి తల్లి చేయి విరిగెను. తండ్రి ఆసుపత్రిలో ఆమెయొద్దనే ఉండిపోయెను. నాలుగు వాయిదాలు ఆగెను. అయిదవ వారమున ఇద్దరు మనుష్యులు ట్రాలీ ఆటోతో అల్లుని ఊరికే పోయి, గదిలోనికి చొరబడి, పరుపు చుట్టి, మంచము విప్పి, బోల్టులు సంచిలో వేసికొని పోయిరి. ఆ పిల్ల అప్పుడు ఆరవ నెల గర్భవతి. ఇరుగుపొరుగువారు గుమ్మములలో నిలిచి చూచిరి. అత్తగారు ఒక్క మాటయు అనలేదట. తిట్టినను బాగుండెడిదని ఆ పిల్ల మాతో చెప్పి ఏడ్చెను.

మేము టౌనులోని దుకాణమునకు పోతిమి. వారు మర్యాదగానే కుర్చీ వేసి, టీ తెప్పించిరి. తరువాత కార్డు వెనుకనున్న చిన్న అక్షరములను చూపిరి. కడపటి వాయిదా చెల్లువరకు సామాను దుకాణముదే. అంతవరకు చెల్లినదంతయు కిరాయి. మూడు వాయిదాలు తప్పినయెడల సామాను తీసికొనిపోవచ్చును. వాటి క్రింద మా సంతకము.

ప్రియులారా, ఇచ్చట కొంచెము లెక్క చూడవలెను. లెక్క ఆత్మసంబంధమైనది కాదని తలంపవద్దు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువే చెప్పియున్నాడు. ఆ కుటుంబము చెల్లించినది ముందు 2,000, తరువాత 38 వాయిదాల క్రింద 19,000, మొత్తము 21,000 రూపాయలు. రొక్కపు ధర 18,000. అనగా మంచపు వెలకు మించి మూడువేలు చెల్లించిరి. మంచము మాత్రము వారిది కాలేదు. ఆ 2,000 దగ్గరనుంచుకొని, అదే అయిదువందలను వారమువారము దాచినయెడల 32 వారములకు రొక్కమిచ్చి కొనియుందురు.

ఇక వడ్డీ సంగతి. 16,000 అప్పునకు 26,000 చెల్లింపు, అనగా పదివేలు అధికము. పైకి చూచిన నెలకు అయిదు రూపాయల వడ్డీవలె కనబడును. అయితే అప్పు వారమువారము తగ్గుచుండగా వడ్డీ మొదటిదినపు అప్పుమీదనే లెక్కకట్టబడినది. మా సంఘములోని లెక్కల మాస్టారుగారు కాగితముమీద వేసి చూపిరి: వారమునకు నూటికి రెండు రూపాయలు, నెలకు ఎనిమిది రూపాయలు దాటును. మూడు రూపాయల వడ్డీకిచ్చు షావుకారును మనము పాపియని దూషించుచున్నాము. ఎనిమిది రూపాయలవానికి అరుగుమీద చాప పరచి మంచినీళ్లిచ్చుచున్నాము. ఏలయనగా అతడు అప్పు అనడు, కిరాయి అనును; వడ్డీ అనడు, వాయిదా అనును.

దీనికి చట్టము లేదా అని కొందరు అడిగిరి. 1972లో మన పార్లమెంటు కిరాయి-కొనుగోలు వ్యాపారమునకు ఒక చట్టము చేసెను. వెలలో నిర్ణీత భాగము చెల్లించిన తరువాత, కోర్టు ద్వారా తప్ప సామాను తీసికొనిపోరాదను ఏర్పాటు దానిలో నుండెను. అది ఎన్నడును అమలులోనికి రాకయే 2005లో రద్దయ్యెను. మోషే ధర్మశాస్త్రమైతే ద్వితీయోపదేశకాండము 24లో, అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువుకొరకు ఇంటిలోనికి పోరాదనియు, బయటనే నిలువవలెననియు, బీదవాని దుప్పటినైతే అతడు కప్పుకొని నిద్రించునట్లు ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి యియ్యవలెననియు నియమించెను. బీదవాని నిద్రను దేవుడు ఎంత జాగ్రత్తగా కాపాడెనో చూడుడి. మంచము విప్పిన ఆ మనుష్యులు గుమ్మమువద్ద నిలువలేదు.

ఈస్టరు తరువాత పొరుగూరిలో ఒక గృహప్రార్థనకు పోతిమి. ఆ యింటిలో ఆ నెమలి మరల కనబడెను. తోకకొన చెక్కుపోయినచోట రంగు పూసియుండిరి. గోడకు క్రొత్త కార్డు వ్రేలాడుచుండెను. వెల అదే, వాయిదాలు అవే. మేము ఆ రాత్రి ప్రసంగము సరిగా చేయలేకపోతిమి.

ఇది పల్లెల సంగతి మాత్రమే కాదు. హైదరాబాదులో ఉద్యోగములు చేయు మన పిల్లలు మంచము, సోఫా, ఫ్రిజ్ ఫోనుమీదనే నెలసరి కిరాయికి తెప్పించుకొనుచున్నారు. కొన్నాళ్లు కిరాయి కట్టిన తరువాత వస్తువు మీదేయగునను పద్ధతియు కలదు. అమెరికాలో దీనికి రెంట్ టు ఓన్ అని పేరు. ఏడాదిలో ఊరు మారువానికి కిరాయి సామాను తెలివైన పనియే కావచ్చును, మేము కాదనము. ఊరు మారనివాడు, వస్తువు తనది కావలెనని కోరువాడు, మొత్తము ఎంత చెల్లించునో కూడుకొని దుకాణపు రొక్కపు ధరతో పోల్చుకొనవలెను. సున్న వడ్డీ అని వ్రాసియున్నను అడుగవలెను. అట్టి పథకములలో వడ్డీ తరచుగా ప్రాసెసింగు ఫీజు రూపమున దాగియుండునని 2013లో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు వ్రాసెను. 2024 అక్టోబరు 1నుండి బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును క్రొత్తగా చిల్లర అప్పు ఇచ్చునప్పుడు, అన్ని ఖర్చులు కలిపి సంవత్సరపు వడ్డీ ఎంతో మనకు తెలిసిన భాషలో పత్రము ఇవ్వవలసియున్నది. ఆ పత్రము అడిగి తీసికొనుడి. మోపెడు వ్యాపారి కార్డుమీద ఆ అంకె ఉండదు.

అయితే బీదవాడు నేలమీదనే పండుకొనవలెనా? 2 రాజులు 4వ అధ్యాయము చూడుడి. అప్పులవాడు తన కుమారులిద్దరిని తీసికొనిపోవ వచ్చియున్నాడని ఒక విధవరాలు ఎలీషాయొద్ద మొరపెట్టెను. ప్రవక్త ఆమెను, నీ యింటిలో ఏమి కలదని అడిగెను. ఆమెకు ఒక నూనెకుండ తప్ప మరేమియు లేదు. పాత్రలైతే ఇరుగుపొరుగువారియొద్ద ఎరవు తెచ్చుకొనెను. ఎరవునకు వడ్డీ లేదు, వాయిదా లేదు, పని తీరగానే కడిగి తిరిగియిచ్చుటయే. అదే అధ్యాయములో షూనేములోని ఘనురాలు ప్రవక్తకొరకు చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము, ఈ నాలుగు మాత్రమే ఉంచెను. ఆమె కలిగినది, ఇంకను ఎన్నో పెట్టగలిగినది. తరువాత తన చనిపోయిన బిడ్డను ఆమె పరుండబెట్టినది ఆ మంచముమీదనే; వాడు బ్రదికి లేచినదియు దానిమీదనే. ఊరివారు చూచి మెచ్చుకొనుటకు ఆమె దానిని వేయలేదు.

నీ యింటిలో ఏమి కలదను ఆ ప్రశ్నను మేము పెండ్లికి ముందే అడుగవలసియుండెను. ఆ తండ్రి పెరటిలో ముదురు వేపచెట్టు పెండ్లినాటికే నిలిచియున్నది. దాని కొమ్మకే షామియానా త్రాడు కట్టిరి! వేపచెక్కకు పురుగు త్వరగా పట్టదు. అయితే పచ్చిగా పనిచేయరాదు. కోతమిల్లులో పలకలు కోయించి, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి, నీడలో నెలల తరబడి ఆరనియ్యవలెను. లేనియెడల వంకరపోవును, నెర్రెలిచ్చును. కోత కూలి, వడ్రంగి కూలి, దూది ఏకించి కుట్టించిన పరుపు, అన్నియు కలిపి 11,000 దాటదని మా ఊరి వడ్రంగి లెక్క చెప్పెను. నెమలి యుండదు. వాయిదాల మంచములు అనేకము చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకలతో చేసినవి. మా పాస్టరేటు ఇంటిలో అట్టి బల్ల యొకటి కలదు. ఒక్క వానకారు చూరు కారినందున అది ఉబ్బి పూరీవలె నైనది.

చెట్టు లేనివారు పాత సామాను చూడవచ్చును. ఇండ్లు మారువారు, పట్టణములో ఉద్యోగము బదిలీయైనవారు మంచి టేకు మంచములనే సగము వెలకు ఇచ్చివేయుచున్నారు. హైదరాబాదులో ఎర్రగడ్డ సంత పాత వస్తువులకు పేరుపొందినది; అయితే అది ఆదివారపు సంత గనుక పొమ్మని మేము చెప్పజాలము! పాతదానిని కొనునప్పుడు అతుకులను కదిపి, నల్లుల జాడ చూచుకొని కొనుడి. నులకమంచము, నవారుమంచము నామోషీ అనువారు మన తాతలు దేనిమీద నిద్రించిరో తలంచుకొందురు గాక.

తప్పనిసరిగా అప్పు కావలసినయెడల, మన స్త్రీలు పొదుపు సంఘములలో ఉన్నారు గదా. వారికి బ్యాంకు అప్పు సాధారణముగా నెలకు నూటికి రూపాయి వడ్డీకి మించదు. ఎనిమిదికిని ఒకటికిని గల భేదము చిన్నపిల్లకును తెలియును. ఆడపిల్లలు గలవారు పెండ్లి కుదిరినదాక ఆగక, పోస్టాఫీసులో నెలకు నూరు రూపాయలనుండి ఐదేండ్ల ఆర్.డి. కట్టవచ్చును. పిల్ల పదియవ తరగతిలో నున్నప్పుడే మొదలుపెట్టుడి.

ఇవన్నియు చెప్పినను, అసలు చిక్కు మంచము వెలలో లేదని మాకు తెలియును. సారె ట్రాక్టరు వీధిలో పోవునప్పుడు గుమ్మములలో నిలిచి, ఏమేమి పెట్టిరని లెక్కించువారు ఎవరు? మనమే. గుడిలో ప్రక్కప్రక్కన కూర్చుండు మనమే. ఆ తండ్రి వ్యాపారికి భయపడి కార్డు పట్టలేదు, మన నోళ్లకు భయపడి పట్టెను. మేము పెద్దలతో మాట్లాడి, ఇకమీదట గుడియెదుట సారె పరచి ప్రార్థన చేయుట మానితిమి. ఇంటిలోపలనే, బల్లయైనను చాపయైనను, ఉన్నదానిమీద ప్రార్థింతుము. ఇద్దరు పెద్దలు దీనికి ఇంకను సమ్మతింపలేదు. వారి యిండ్లలో ఈ ఏడు పెండ్లిండ్లున్నవి. సంఘమునకు రెండు పెద్ద గుండిగలు, బల్లలు, కుర్చీలు ఉన్నవి. పెండ్లికి ఎరవు అడుగువారు సిగ్గుపడనక్కరలేదు.

ఆ వేపచెట్టును మార్చిలో కొట్టించిరి. పలకలు మా పాస్టరేటు వెనుక వసారాలో పేర్చియున్నవి. కోతపండుగ నాటికి పనికి వచ్చునని వడ్రంగి చెప్పుచున్నాడు. తల్లి చేయి అతికినది, బరువు ఇంకను ఎత్తలేదు. కుమార్తెకు మగబిడ్డ పుట్టెను. పాతచీర ఉయ్యాలలో నిద్రించుచున్నాడు. క్రొత్త మంచముమీదను చేయి ఉంచి ప్రార్థింపవలెనని తండ్రి వచ్చి అడిగెను. దీనికి కార్డు ఏదియు లేదు గదా అని మేము ముందుగా అడిగితిమి. చాలదినములకు అతడు నవ్వెను.