కొండమీద చాటిన పాట

వాక్యభాగము: లూకా 2:8–20



డిసెంబరు మాసము వచ్చిందంటే మన యౌవనస్థులు గిటారు, డోలక్ పట్టుకొని క్యారల్ రౌండ్స్‌కు బయలుదేరుతారు. తెలుగు కీర్తనలు రెండు మూడు అయిన తరువాత ఎవరో ఒకరు ‘గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్’ అందుకొంటారు. చప్పట్లు మొదలవుతాయి, పిల్లలు గెంతుతారు, ఆ ఇంటివారు కేకు, టీ తెచ్చేలోగా పాట అయిపోతుంది. క్రీస్తు జననవార్తను కొండలెక్కి చాటమని పిలిచే ఈ పాట ఏ దొరగారో బల్లయొద్ద కూర్చుండి వ్రాసినది కాదు. దాని పల్లవి అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసలుగా బ్రదికిన నల్లజాతివారి నోట పుట్టినది. ఆ పాటలను స్పిరిచ్యువల్స్ అంటారు. కట్టినవారి పేర్లు వాటికి లేవు. ఆ మనుష్యులకు యజమానులు పెట్టిన పేర్లే గాని సొంత పేర్లే మిగలలేదు, ఇక పాటకు పేరెక్కడిది?

ప్రియులారా, ఆ బానిసల ప్రార్థన ఎట్లుండెనో కొంచెము ఆలోచించండి. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అను బానిస బోధకుని నాయకత్వమున తిరుగుబాటు జరిగిన తరువాత, దక్షిణ రాష్ట్రములలో కట్టుబాట్లు బిగుసుకొన్నవి. బానిసకు చదువు నేర్పుట అనేక చోట్ల నేరము. తెల్లవాడు దగ్గర లేకుండ నల్లవారు ఆరాధనకు కూడుట నేరము. యజమానుడు పిలిపించిన బోధకుడు మాత్రము వచ్చి, దాసులారా, మీ యజమానులకు విధేయులై యుండుడని పౌలు చెప్పిన భాగమునే తిప్పి తిప్పి బోధించేవాడు. నిర్గమకాండము ఆ ప్రసంగములలో వినబడేది కాదు.

అందుచేత వారు చీకటిపడిన తరువాత అడవిలోనికి, వాగు పల్లములలోనికి పోయి ప్రార్థించుకొనేవారు. గస్తీ దళములకు శబ్దము వినబడకుండ తడిపిన దుప్పట్లు చుట్టూ కట్టేవారు. గుమ్మము దగ్గర ఇనుప కుండను బోర్లించి పెట్టేవారు. తమ స్వరము ఆ కుండలోనికి పోయి ఆగునని వారి నమ్మిక. 1930లలో, బానిసత్వమును చూచి ఇంకను సజీవులై యున్న వృద్ధుల జ్ఞాపకములను వ్రాసికొన్నప్పుడు, ఒకరితో ఒకరికి సంబంధము లేని ఎందరో ఈ కుండ సంగతి చెప్పారు. కుండ నిజముగా శబ్దమును ఆపేదా అని అడుగుట మన పని కాదు. ప్రార్థించే గొంతును కుండక్రింద దాచుకొనవలసి వచ్చిన జనులు, కొండమీదికెక్కి చాటమని పాట కట్టారు. ఈ ఒక్క సంగతిని ఎరిగి ఆ పల్లవిని మరల పాడి చూడండి.

క్రిస్మస్ పండుగ కూడ వారికి మనకున్నట్టు ఉండేది కాదు. అనేక తోటలలో ఆ వారము పని ఉండేది కాదు. కొంచెము మాంసము, కొత్త బట్ట దొరికేది. కాని వారము తిరిగేసరికి జనవరి 1. బానిసలను ఏడాది కౌలుకు కొత్త యజమానులకు అప్పగించే దినము అది. భర్త ఒక ఊరికి, భార్య ఒక ఊరికి, పిల్లవాడు మరొక ఊరికి. ఆ దినమునకు ‘గుండె పగిలే దినము’ అని వారే పేరు పెట్టుకొన్నారు. పండుగ భోజనమునకు కూర్చున్న తల్లికి, వచ్చే వారము ఈ పిల్లవాడు నా దగ్గర ఉంటాడా అన్న ప్రశ్న గొంతులో ఉండేది. ఆ గొంతుతోనే పాడింది.

గొల్లలను గూర్చిన చరణములు తరువాతివి. కీర్తనల పుస్తకములలో అవి జాన్ వెస్లీ వర్క్ జూనియర్ అను నల్లజాతి ఉపాధ్యాయుని పేర ఉన్నవి. ఇవికాక, ఇప్పటికిని కొందరు పాడే వేరే చరణములు కలవు. ఒక దానిలో పాడువాడు తాను వెదకువాడనై రేయింబవళ్లు దేవుని వేడుకొన్నానని చెప్పుకొంటాడు. బాప్తిస్మమును గౌరవించే మనకు ఇది అర్థమగును. కరొలైనా, జార్జియా తీరపు దీవులలోని నల్లజాతి సంఘములలో, బాప్తిస్మమునకు ముందు అభ్యర్థి రాత్రులు ఒంటరిగా అడవికి పోయి ప్రార్థించుటను ‘వెదకుట’ అనేవారు. సంఘ పెద్దలు అతని సాక్ష్యమును పరీక్షించిన తరువాతనే నీళ్లలోనికి దింపేవారు. మరొక చరణములో ప్రభువు తనను పట్టణ ప్రాకారముమీద కావలివానిగా పెట్టెనని పాడతాడు. పగలు మేస్త్రీ కొరడా, రాత్రి గస్తీ గుర్రములు. అట్టివాడు, నేనే కావలివాడను అంటున్నాడు! యెషయా 62వ అధ్యాయములోని కావలివారిని అతడు చదివి నేర్చుకోలేదు, చెవితో విని హృదయములో పెట్టుకొన్నాడు.

ఈ పాటలు మనదాకా ఎట్లు వచ్చినవి? అంతర్యుద్ధము ముగిసిన తరువాత, 1866లో, టెనస్సీ రాష్ట్రము నాష్‌విల్ పట్టణములో విడుదల పొందిన బానిసల కొరకు ఫిస్క్ పాఠశాల ప్రారంభమైనది. అయిదేండ్లు తిరుగకముందే అప్పులలో మునిగినది. కోశాధికారియు సంగీతము నేర్పువాడునైన జార్జి వైట్ 1871 అక్టోబరులో తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని పాటలు పాడి విరాళములు తెచ్చుటకు బయలుదేరాడు. వారిలో అనేకులు బానిసలుగా పుట్టినవారే. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరమును బట్టి వారికి ‘జూబిలీ సింగర్స్’ అని పేరు వచ్చినది.

మొదట వారు తమ తల్లిదండ్రుల పాటలను బయట పాడుటకు ఒప్పుకోలేదు. అవి ఆ చీకటి దినములకు చెందినవి, పవిత్రమైనవి, పరుల యెదుట ప్రదర్శించేవి కావని వారి భావము. వైట్ గారి ఇంటిలో కుర్చీలు చాలక నేలమీద కూర్చుండి మెల్లగా ఒకరికొకరు నేర్పుకొన్న సంగతిని ఆ బృందములోని ఎల్లా షెపర్డ్ వ్రాసి పెట్టినది. వారి తొలి వసూళ్లలో సుమారు 50 డాలర్లు చేతికి వచ్చినవి. తమ అప్పు తీర్చుకోక, షికాగో అగ్నిప్రమాద బాధితులకు ఇచ్చివేశారు. హోటళ్లవారు గది ఇవ్వక గెంటిన రాత్రులు కూడ ఆ ప్రయాణములోనివే. 1872లో అమెరికా అధ్యక్షుని యెదుట, 1873లో విక్టోరియా రాణి యెదుట పాడారు. వారు తెచ్చిన ధనముతో కట్టిన జూబిలీ హాలు నేటికిని నిలిచి ఉన్నది.

పైన చెప్పిన జాన్ వర్క్ ఆ ఫిస్క్‌లోనే చదివి, అక్కడనే ఉపాధ్యాయుడై, సహోదరుడు ఫ్రెడరిక్‌తో కలిసి ఈ పాటలను సేకరించి అచ్చు వేయించాడు. క్రిస్మస్ నాడు తెల్లవారకముందే ఫిస్క్ విద్యార్థులు ఒక భవనమునుండి మరొక భవనమునకు నడుస్తూ ఈ పాట పాడేవారు. మన క్యారల్ రౌండ్స్ వంటిదే. అయితే ఆ కాలపు చదువుకొన్నవారిలో కొందరికి ఈ పాటలంటే సిగ్గు, బానిస వాసన వస్తున్నదని. ఆ వ్యతిరేకత మూలముగా వర్క్ 1923లో ఫిస్క్ విడువవలసి వచ్చినది. అప్పుడు ఆయనను చేర్చుకొన్నది అదే పట్టణములో నల్లజాతివారి కొరకు నడిచిన బాప్టిస్టు విద్యాసంస్థ, రోజర్ విలియమ్స్ విశ్వవిద్యాలయము. 1925లో చనిపోయే వరకు దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

బాప్టిస్టులమని మనము సంతోషించుటకు ముందు, మరొక మాట చెప్పవలసి ఉన్నది. బానిసలుగల వ్యక్తిని మిషనరీగా పంపలేమని 1844 డిసెంబరులో బోస్టనులోని మన మిషను బోర్డు జవాబిచ్చినది. దానిపై 1845 మే నెలలో దక్షిణ బాప్టిస్టులు విడిపోయి సొంత కన్వెన్షను పెట్టుకొన్నారు. నూటయాభై ఏండ్ల తరువాత, 1995లో, వారు ఆ విషయమై క్షమాపణ చెప్పారు. అప్పటికి తెలుగువారి మధ్య శామ్యూల్ డే దొరగారి నెల్లూరు స్టేషను ఒక్కటే. అది ఉత్తరాదివారి పక్షమున మిగిలినది. ఆ ఉత్తరాది మిల్లులలో నేసిన పత్తి మాత్రము బానిసలు ఏరినదే. 1854 జనవరి 1న తెల్లవారుజామున జువెట్ దొరగారు కొందరు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి తెలుగువారి కొరకు ప్రార్థించిన సంగతి మనలో తెలియనివారు లేరు. మనకు అది ప్రార్థనా కొండ దినము. సముద్రముల ఆవల అదే జనవరి 1న తల్లులనుండి పిల్లలను విడదీస్తున్నారు. ఈ రెండును ఒకే దేవుని చెవిని చేరినవి.

మన తాతలు కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు, రైల్వే కాలనీలకు కూలి వెదుక్కొంటూ వచ్చారు. వారి కష్టమును బానిసత్వముతో పోల్చుట తగదు. వారు తమ కాళ్లతో వచ్చారు, తమ పిల్లలను తమతో తెచ్చుకొన్నారు. కాని వారిలో చాలామంది కీర్తనలను పుస్తకమునుండి గాక నోటనుండి చెవికి నేర్చుకొన్నారు. నేడు మన పిల్లలు కన్నడములో, తమిళములో, మరాఠీలో, ఒడియాలో చదువుకొంటున్నారు. తెలుగు అక్షరము రాదని సండేస్కూలు ఉపాధ్యాయులు బాధపడతారు. బాధపడవలసినదే. అయినను అక్షరము రాని ఒక జనము తన విశ్వాసమును పాటలోనే మోసికొని వచ్చినది గనుక, పిల్లలకు వచ్చేవరకు ఆగక, పాటను నేడే వారి చెవిలో వేయండి.

ఇక వాక్యభాగమునకు రండి. దూత వచ్చినది రాత్రివేళ పొలములో మంద కాచుకొనేవారి యొద్దకు. 17వ వచనములో వారు తాము విన్నదానిని ప్రచురము చేశారు. ఎవరును వారిని పంపలేదు, ఎవరి అనుమతిని వారు అడుగలేదు. 20వ వచనములో దేవుని స్తుతించుచు తిరిగి వెళ్లారు. ఎక్కడికి? ఆ పొలమునకే, ఆ గొఱ్ఱెలయొద్దకే. పని మారలేదు, కూలి పెరిగినట్టు లూకా వ్రాయలేదు. కాని ఆ రాత్రి వారు చెప్పిన మాటను వెనుకకు తీసికొనగలవాడు బేత్లెహేములో ఒక్కడును లేడు.

మిసిసిపీ రాష్ట్రములో కౌలు కూలీల ఇంట ఇరువది మంది సంతానములో కడపటిదిగా పుట్టిన ఫానీ లౌ హేమర్ బాప్టిస్టు విశ్వాసురాలు. ఓటు నమోదు కొరకు 1962 ఆగస్టు 31న వెళ్లినందుకు, పదునెనిమిదేండ్లు పనిచేసిన తోటలోనుండి ఆ దినమే ఆమెను వెళ్లగొట్టారు. 1963 జూన్‌లో వినోనా జైలులో కొట్టిన దెబ్బల గురుతులు 1977లో మరణించే వరకు ఆమె దేహమును విడువలేదు. ఆ కూటములలో ఆమె లేచి పాడిన పాటలలో ఇది ఒకటి. పల్లవిలో మోషే ఫరోతో పలికిన మాటను చేర్చి పాడేది. అప్పుడు ఆ గుడిలో కుండ బోర్లించినవారు ఎవరును లేరు. తలుపులు తెరచియే ఉండేవి.