ఉద్యోగి చేయు సేవ నిత్యమా, కామ్యమా?

పెదకాకాని శ్రీ భ్రమరాంబా మల్లేశ్వరస్వామివారి క్షేత్రముగా ప్రసిద్ధము. ఆ గ్రామముననే 2004లో ఆరంభమైన శంకర నేత్రవైద్యశాల కలదు. ప్రత్తిచేలలో, మిరపతోటలలో వయసుడిగిన కూలీలు శుక్లములు క్రమ్మిన కన్నులతో అచ్చటికి వచ్చుచుందురు. పల్లెలలో శిబిరములు జరిపి, అవసరమైనవారిని బస్సులో తెచ్చి, శస్త్రచికిత్స చేసి మరల ఊరు చేర్చుట అచ్చటి పద్ధతి. నూటికి 80 మంది పేదలకు ఉచితముగా చికిత్స జరుపుటకు తక్కిన 20 మంది చెల్లించు రుసుము ఆధారము కావలెనన్నది ఆ సంస్థ నియమము.

దీని మూలము ఒక దేవాలయమున నున్నదని చాలమంది యెరుగరు. 1977లో కోయంబత్తూరులో డాక్టరు ఆర్.వి. రమణిగారును, వారి ధర్మపత్ని డాక్టరు రాధా రమణిగారును కంచి పీఠాధిపతుల ప్రేరణచే కామాక్షీ ఆలయ ప్రాంగణమున పేదలకై చిన్న వైద్యకేంద్రము తెరచిరి. స్వంత వైద్యవృత్తిని మానలేదు. తోడి వైద్యులను కొందరిని కలుపుకొని, వృత్తికి పోగా మిగిలిన వేళలను పంచుకొనిరి. నేత్రవైద్యశాల తరువాతి మాట.

పగలెల్ల కొలువు చేసి, మిగిలిన వేళను పరులకిచ్చువాని యుత్సాహము ఏల సన్నగిల్లును? మొదటి నెలలో ప్రతి ఆదివారము శిబిరమునకు వచ్చి మందుల పెట్టెలు మోసిన గుమాస్తా ఆరవ నెలకు కానరాడు. భక్తి తగ్గినదని లోకులందురు. అది తొందరపాటు తీర్పు. అతడు సోమరి కాడు. సేవను కామ్యకర్మగా పట్టుకొనినాడు.

మీమాంసకులు ఈ భేదమును చక్కగా విచారించిరి. వర్షము కోరి చేయు కారీరీష్టి కామ్యము. కోరినది దక్కవలెనన్న దాని అంగములన్నియు పూర్తి కావలెను. ఒకటి లోపించినను ఫలము లేదు. అంత శక్తి లేనివాడు దానికి పూనుకొననేరాదు. అగ్నిహోత్రము నిత్యము. దానిని విడుచుట దోషము. అయినను అన్ని అంగములను నెరవేర్పలేని నాడు ప్రధానమును వదలక, తక్కినవి యథాశక్తిగా చేసినను చెల్లును. జైమిని షష్ఠాధ్యాయమున సాగిన ఈ విచారము యజ్ఞశాలకే పరిమితమని తలపనక్కరలేదు.

గుమాస్తా ఏమి కోరినాడు? ఏడాదిలో ఊరు మారవలెను, నలుగురు మెచ్చవలెను, తన దినమంతయు దానికే ఈయవలెను. దినమంతయు దొరకని వారమున గంటసేపు పోయిన నేమి లాభమని ఇంట నుండిపోయినాడు. అట్టి వారములు నాలుగు గడచిన పిమ్మట తిరిగి పోవుటకు సిగ్గు.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. కంటికి కత్తి పెట్టువాడు యథాశక్తిగా చేసెదనన్న ఎవరొప్పుకొందురు? నిజమే. పనికి అన్ని అంగములును కావలెను. ఆ పనిలో ఒక్కొక్కని వంతు మాత్రము చిన్నది కావచ్చును. అర్చకులు వంతులవారీగా సేవించుటచేత స్వామికి నైవేద్యము తప్పుచున్నదా? అంతయు ఒక్కడే మోయబోయిన చోటనే దీపము కొండెక్కును.

వంతు పంచుకొనువారు లేక ఒంటిగా నిలిచినవారును కలరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తిలో నుండియే సవరల భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను చేత వినికిడి పోయినది. 1911లో ఉద్యోగము విరమించిరి. సవర నిఘంటువు 1938లో వెలువడినది. వారి వ్యావహారిక భాషావాదమును ఒప్పని పండితులు సైతము ఈ పట్టుదలకు నమస్కరింపవలసినదే.

జీతము పుచ్చుకొని చేయు పని ఋణము వంటిది. కచేరీ కాగితములను ప్రక్కకు నెట్టి సేవకు పోవుట పరుల సొమ్ముతో చేసిన దానము. ఇంట జ్వరపడిన బిడ్డను ఇల్లాలిమీద వదలి శిబిరమున కీర్తి పొందుటయు అట్టిదే. ఈ రెండు ఋణములు తీర్చగా మిగులునది కొంచెమే. నెలకొక ఆదివారము, అందును రెండు గంటలే కావచ్చును. శిబిరమున అంత మాత్రమునకును పని యున్నది. వచ్చినవారి పేర్లు వ్రాయవలెను. చీటీ చదువుకొనలేని ముసలమ్మ చేయి పట్టుకొని బస్సు మెట్టు ఎక్కింపవలెను.