ఫలితము ఎవరిది?

ఇంటర్మీడియట్ మార్కుల పట్టికపై శిష్యుని పేరే యుండును, అధ్యాపకుని పేరుండదు. తప్పినవాడు 'నా కర్మ' యని తల వంచుకొనును. ఇది న్యాయమా?

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి ఆచార్యుని పూర్వరూపముగను, శిష్యుని ఉత్తరరూపముగను, విద్యను సంధిగను, ప్రవచనమును సంధానముగను నిరూపించినది. బోధన కొరవడినచో ఆ సంధి యెట్లు కుదురును?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో గీటురాయి నగనే కాదు, దానిని చేసిన కంసాలిని గూడ పరీక్షించును. విద్యార్థి వ్రాయు పరీక్షయు అట్టిదే. పులివెందుల పల్లెలలో తెలుగున చదివి వచ్చిన బిడ్డ కళాశాలలో ఆంగ్లపాఠమునకు తెల్లబోయినపుడు, దానిని మరల తెలుగున విప్పి చెప్పువాడే గురువు.

శ్రద్ధ శిష్యధర్మమే. కాని బోధింపక శిష్యుని నిందించుట, విత్తక జమ్మలమడుగు నల్లరేగడిని నిందించుట వంటిది. ఫలితము భగవంతునిదే యనుటకు ముందు, తన వంతు నెరవేర్చితినా యని ప్రతి అధ్యాపకుడు ఆత్మవిచారణ గావించుకొనవలెను.