ఎవరికీ లేని పేరు

మా తాతల తరంలో మగపిల్లాడికి వింత పేరు పెట్టారంటే, ఆ ఇంట్లో వాడికి ముందు పుట్టినవాళ్లు దక్కలేదని అర్థం. ఈసారైనా బిడ్డ నిలవాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీస్తే పెంటయ్య. ఎంగిలి విస్తళ్లలో దొర్లిస్తే పుల్లయ్య. ఉత్తరాంధ్రలో చేటెడు తవుడుకు పొరుగింటికి అమ్మేసినట్టు అమ్మి తిరిగి తెచ్చుకుంటే తవిటయ్య. ఆ తల్లులు కోరింది ఒకటే, బిడ్డ మృత్యువు కంట పడకూడదు. ఎందుకూ కొరగానివాడనుకుని వదిలేసి పోవాలి.

ఇప్పటి తల్లి కోరిక దానికి సరిగ్గా ఎదురు. తన కొడుకు పదిమంది కంట పడాలి. "ఎవరికీ లేని పేరు చెప్పు మావయ్యా" అంది మొన్న కొడుకును కన్న మా మేనకోడలు. దీన్ని మోజు అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. బిడ్డ బతుకుతాడా అన్న బెంగ ఉన్నంతకాలం పేరు దాక్కోవడానికే పనికొచ్చింది. టీకాలూ ఆసుపత్రి కాన్పులూ ఆ బెంగను చాలావరకు తీసేశాకే, వాడు నలుగురిలో వేరుగా కనబడాలన్న ఆశకు చోటు దొరికింది. పేరు కోసం ఇంత తీరిగ్గా తగువులాడుకోవడం కూడా ఒక భాగ్యమే.

తగువు చిన్నది కాదు. పిల్లాడిది హస్త, మూడో పాదం. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున పంచాంగం 108 అక్షరాలు పంచిపెట్టింది. హస్తకు వచ్చినవి పూ, ష, ణ, ఠ. మూడో పాదానికి ణ! ఆ అక్షరంతో మొదలయ్యే పేరు ఒక్కటి పెడితే చాలు, దేశంలో ఎవరికీ లేని పేరు అయి తీరుతుంది. (ఆర్ద్ర మూడో పాదంవాళ్ల గతి ఇంకా ఘోరం, వాళ్లకు ఙ.) పురోహితుడు దయతలచి "న"తో సరిపెట్టుకోమన్నాడు. పిల్లాడి తండ్రి మాత్రం ఫోన్లో వెతికి విహాన్, వియాన్, అయాన్ అంటూ చదువుతున్నాడు. వాళ్ల అపార్టుమెంటులోనే ఇద్దరు విహాన్లున్నారు. ఎవరికీ లేనిదాన్ని అందరూ ఒకే చోట వెతికితే ఇంతే.

నక్షత్రం జోలికీ జాబితా జోలికీ పోకుండా పేర్లు పెట్టిన మనిషి నాస్తికుడు గోరా. ఉప్పు సత్యాగ్రహం నడిచిన 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం నౌ. ఈ పేర్లంటే నాకు గౌరవమూ ఉంది, కాస్త జంకూ ఉంది. నమ్మకాలు తండ్రివి, బళ్లో హాజరు పలకాల్సింది పిల్లలు. పొత్తిళ్లలో ఉన్నవాడి మీద మన కాలాన్ని రాసేయవచ్చా అన్న ప్రశ్న నన్ను వదలదు.

అయితే ఆ పిల్లలు పెద్దయ్యాక జరిగింది చూడండి. డాక్టర్ సమరం అంటే తెలుగు పాఠకులకు యుద్ధం స్ఫురించదు, అడగడానికి సిగ్గుపడే సందేహాలకు పత్రికల్లో జవాబిచ్చిన వైద్యుడు స్ఫురిస్తాడు. లవణం అంటే, భార్య హేమలతతో కలిసి స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడ్డవాళ్ల మధ్య పనిచేసిన మనిషి. 'లవకుశ' తీసిన చిత్తజల్లు పుల్లయ్య పేరు వింటే ఎంగిలాకులు ఎవరికి గుర్తొస్తాయి? వింత పేరులోని వింత మహా అయితే బడి ఈడు దాకా నిలుస్తుంది. ఆ తర్వాత అర్థాన్ని మనిషే తినేస్తాడు.

ఇదంతా చెప్పి, "నీకు నచ్చింది పెట్టుకోవే తల్లీ, కాకపోతే వంటింట్లోంచి కేకేస్తే వీధి చివరికి వినబడేలా ఉండాలి" అన్నాను. అంత పొడుగు ఉపన్యాసానికి ఇంత చిన్న సలహానా అన్నట్టు చూసింది. సర్కారుకైతే తొందరేం లేదని కూడా చెప్పాను. పేరు లేకుండానే జననం నమోదవుతుంది. ఏడాదిలోపు ఉచితంగా, ఆ పైన రుసుము కట్టి 15 ఏళ్ల దాకా పేరు చేర్పించుకోవచ్చు. అప్పటికి వాణ్ణే అడగవచ్చు కదా అన్నాను.

"బాగానే ఉంది మావయ్యా. మరి బారసాల నాడు బియ్యంలో ఏం రాయించమంటావు?" అంది.