నిర్ణయం వెనుక వాసన

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో తరతరాలుగా ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఇంటి మనిషి సంతలో టమాటాలు ఏరుతూ "కాయ మెత్తబడింది చూడు" అని భార్యతో తెలుగులో అని, మరుక్షణమే తమిళంలో బేరానికి దిగి, ఇవ్వవలసిన డబ్బును లోలోపల తమిళ అంకెల్లోనే కూడుకుంటున్నప్పుడు, ఏ మాట ఏ భాషలో అనాలో అతడు ఒక్కసారి కూడా ఆలోచించడు. అయినా ఆ మాటలు అతడివి కావని ఎవరూ అనరు. తెలిసి ఎంచుకోకుండానే జరిగిపోయే ఇటువంటి ఎంపికలకు కర్త ఎవరన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్నే.

అద్వైతులు అంతఃకరణాన్ని, అంటే లోపలి ఇంద్రియాన్ని, అది చేసే పనిని బట్టి నాలుగు పేర్లతో వ్యవహరించారు: సంశయించేది మనస్సు, నిశ్చయించేది బుద్ధి, స్మరించేది చిత్తం, 'నేను' అనుకునేది అహంకారం. నిర్ణయం బుద్ధిదే అయినా, దాని ఎదుటికి ఏ సంగతులు రావాలో, ఏవి రాకుండానే ఆగిపోవాలో చాలావరకు తేల్చేవి సంస్కారాలు, అంటే అనుభవం గడిచిపోయాక చిత్తంలో మిగిలే ముద్రలు. అవి మనిషిని ఒకవైపుకు లాగే మొగ్గే వాసన. దీనిని ఫ్రాయిడ్ చెప్పిన అచేతనంతో ఒకటి చేసి చూపడం కొందరికి అలవాటు గానీ, అది తొందరపాటే: ఆయన దృష్టి ప్రధానంగా అణచివేతకు గురైన కోరికల మీద ఉండగా, వాసన అనే భావనలో అంకెల కూడిక వంటి నిరపాయమైన అలవాటుకు కూడా చోటుంది.

1983లో బెంజమిన్ లిబెట్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, చేతిని కదపాలన్న కోరిక తమకు తెలిసిందని మనుషులు చెప్పిన క్షణానికి సుమారు 0.35 సెకను ముందే మెదడులో ఆ కదలికకు సన్నాహం మొదలైనట్లు కనబడింది. స్వేచ్ఛ భ్రమేనని దీని నుంచి తేల్చినవారు ఆ ఒక్క క్షణాన్నే చూశారు. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణం అంతకన్నా దూరం చూసింది. దైవమన్నది మునుపటి పురుషప్రయత్నమే తప్ప వేరు కాదనీ, పాత ప్రయత్నమూ కొత్త ప్రయత్నమూ రెండు పొట్టేళ్లలా ఢీకొంటే బలమైనదే గెలుస్తుందనీ వసిష్ఠుడు రాముడికి బోధిస్తాడు. ఆ మునుపటి ప్రయత్నం ఎల్లప్పుడూ ఒక్కడిదే కానక్కరలేదన్నది ఇక్కడ చేర్చవలసిన మాట: తమిళనాడు 2006లో చేసిన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది, శాసనసభలో బాగా ఆలోచించి చేసిన నిర్ణయం ఈ విధంగా తెలుగింటి పిల్లవాడికి ఆలోచన అక్కరలేని అలవాటుగా మారుతుంది.

మొదలైన కదలికను చివరి క్షణంలో ఆపే శక్తి చేతనకు ఉందని లిబెట్ భావించాడు. నోటిదాకా వచ్చిన తెలుగు మాటను, ఎదుటివాడికి తెలుగు రాదని గుర్తొచ్చి ఆపుకోవడం అటువంటిదే కావచ్చు. అయితే 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చేతన, అచేతన అన్న విభజననే ఒప్పుకోలేదు. అదుపు చేసేవాడూ అదుపులో ఉండేదీ ఒకటేననీ, రెండూ గతం నుంచి వచ్చినవేననీ ఆయన వాదన. ఆ లెక్కన మాటను ఆపిన మర్యాద కూడా నేర్చుకున్న వాసనే అవుతుంది; వసిష్ఠుడి కొత్త ప్రయత్నానికి ఇక చోటెక్కడ మిగులుతుందో కృష్ణమూర్తిని అంగీకరించేవారు చెప్పవలసి ఉంటుంది.