మెత్తబడిన చోటు

ఒక వస్తువులో భాగాలన్నీ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది పాత వస్తువేనా? తత్వశాస్త్రం చదివేవాళ్లకి మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్లూటార్క్ రాసిన థీసియస్ కథలోంచి వచ్చింది. క్రీటు నుంచి థీసియస్ తిరిగొచ్చిన ఓడని ఏథెన్సు వాళ్లు తరతరాలు కాపాడుకున్నారు. పలక పుచ్చినప్పుడల్లా తీసేసి కొత్తది వేశారు. 1655లో హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ పోగుచేసి ఎవరైనా మరో ఓడ కడితే, రెండింట్లో ఏది అసలుది?

ఆ ప్రయాణంలోనే, బాగా ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, థీసియస్ అరియాడ్నేని నాక్సస్ దీవిలో వదిలేసి వచ్చాడు. చిక్కుదారిలోంచి బయటపడటానికి దారం ఇచ్చి అతని ప్రాణం నిలిపింది ఆమే. పలకల గురించి ఇంత వాదన జరిగింది కదా, ఆ పలకల మీద నిలబడి వచ్చి సగం దారిలో మిగిలిపోయిన మనిషి ఊసు మాత్రం ఈ ప్రశ్నలోకి రాదు.

నాకీ ప్రశ్న కొత్తగా అర్థమైంది మిన్నెసోటాలో, మా పక్కింటావిడ గరాజ్‌లో. అక్కడ ఎటు చూసినా చెరువులే, ఇంటింటికీ పడవే. వాళ్లది 1980ల నాటి పద్దెనిమిది అడుగుల ఫైబర్‌గ్లాస్ మోటారు పడవ. పేరుకే ఫైబర్‌గ్లాస్. అలాంటి పాత పడవల్లో చాలావాటికి లోపలుండేది చెక్కే. అడుగున పొడుగ్గా దూలాలు, వాటిని స్ట్రింగర్లంటారు. వాటిమీద ప్లైవుడ్ నేల. మధ్య ఖాళీలో ఫోమ్. ఇరవై అడుగుల లోపు పడవలో నీళ్లు నిండినా అది పూర్తిగా మునిగిపోకూడదని 1970లలో ఫెడరల్ నిబంధనలొచ్చాయి. ఫోమ్ అందుకే. సీట్లు బిగించిన స్క్రూ రంధ్రాల్లోంచి చుక్క చుక్కగా దిగిన నీళ్లని ఆ ఫోమే పీల్చుకుని ఏళ్ల తరబడి చెక్కకి ఆనించి ఉంచుతుంది. పైకి మాత్రం అంతా నున్నగా, మెరుస్తూ ఉంటుంది.

నేల మెత్తబడిందని ఆవిడ పదేళ్లు చెప్పింది. తాడు కట్టేది, పిల్లల్ని నీళ్లలోంచి పైకి లాగేది, అందరికీ తిండి అందించేది ఆవిడే కాబట్టి ఆవిడ పాదాలకి తెలిసింది. ఆయన చక్రం దగ్గర కూర్చునేవాడు. ఆయన కూర్చున్నచోట నేల గట్టిగానే ఉంది! చివరికి ఆయన చేసిన మరమ్మతు, పైన కొత్త కార్పెట్ పరచడం. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఎక్కడ అడుగెయ్యకూడదో నేర్చుకున్నారు. మన ఇళ్లలో మాత్రం లేదా ఈ విద్య? ఏ వేళప్పుడు నాన్నని కదిలించకూడదో, ఏ మాట అత్తగారి ముందు ఎత్తకూడదో పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సర్దుకుపోవడం అంటే చాలావరకు ఇదే, మెత్తటి చోటు చుట్టూ నడవడం.

ఆయన పోయాక పడవ అమ్మేద్దామనుకున్నారు. పైన ఇంకో ప్లైవుడ్ పలక వేసి, మళ్లీ కార్పెట్ పరిచి అమ్మెయ్యమన్నాడు కొడుకు. పాత పడవ కొనేవాడు చూసుకునే కొనాలి, అది వాడి బాధ్యత అన్నాడు. కొట్టిపారేసే వాదన కాదిది. అమ్మేవాళ్లు తమకి తెలిసిన ప్రతి లోపమూ చెప్పాలంటే సంతల్లో బేరాలే సాగవు. కానీ ఊరుకోవడం వేరు, కార్పెట్ వెయ్యడం వేరు. 'ఇక్కడ అడుగెయ్యొచ్చు' అని కార్పెట్ చెబుతుంది.

అలాంటప్పుడు నిజం చెప్పి చవగ్గా అమ్మెయ్యొచ్చు కదా అన్నాను. "చవగ్గా కొన్నవాడు కార్పెట్ వేసి ఇంకొకడికి అమ్ముతాడు" అంది. కాసేపాగి, "అయినా, కింద ఏముందో నేను చూడాలి" అంది. రెండోదే అసలు కారణమనుకుంటాను.

రంపం పళ్లు ప్లైవుడ్ మందం కన్నా కిందికి దిగకుండా సరిచేసుకుని నేల కోసింది. ప్లైవుడ్ తడి తౌడులా చేతికొచ్చింది. చేత్తో తేలిగ్గా ఎత్తాల్సిన ఫోమ్ ముక్కలు ఇద్దరం పడితేగానీ లేవలేదు. స్ట్రింగర్ల తొడుగు గట్టిగానే ఉంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపల నల్లటి ముద్ద. అవి తీసేముందు పడవ అడుక్కి పొడుగునా సమంగా ఊతమివ్వాలి, లేకపోతే పెంకు కుంగి ఆ వంకరలోనే గట్టిపడిపోతుంది. అన్నిటికన్నా నరకం రాపిడి పని. గట్టిపడిన పాత ఫైబర్‌గ్లాస్‌తో కొత్త రెజిన్ రసాయనికంగా కలవదు, గరుకు చేసిన చోటే పట్టుకుంటుంది. ముక్కుకి మాస్కు, ఒళ్లంతా కప్పే బట్టలు, అయినా రాత్రంతా దురద. కొత్త పలకలకి రెండు వైపులా, అంచులకీ, ప్రతి స్క్రూ రంధ్రానికీ రెజిన్ పట్టించింది. రెండు వేసవులు పట్టింది. ఆ కష్టానికి తగ్గ ధర ఆ పడవకి రాదని ఆవిడకి ముందే తెలుసు.

అది అదే పడవేనా అన్న ప్రశ్న అక్కడ ఎవరికీ రాలేదు. 1972 నవంబరు నుంచి అమెరికాలో తయారైన ప్రతి పడవకీ వెనక పలక మీద గుర్తింపు సంఖ్య ఉంటుంది. ప్రభుత్వం దృష్టిలో ఆ సంఖ్యే పడవ.

తగాదా వచ్చింది ఫోటోల దగ్గర. కుళ్లిన నేల ఫోటోలన్నీ కొనేవాళ్లకి ఇస్తానంది. "నాన్న చేసింది ఊరందరికీ చూపించాలా?" అన్నాడు కొడుకు. ఆవిడ ఫోటోలిచ్చింది. కార్పెట్ ఎవరు వేశారంటే మాత్రం "ఎప్పుడో వేసిందే" అంది. చనిపోయినవాళ్ల పరువు బతికున్న ఆడవాళ్లే ఎందుకు మొయ్యాలని నేనడిగాను. అది మొయ్యడం కాదంది ఆవిడ. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు.