బంధువులు కానివారికి ఒక దోసిలి

ప్రసిద్ధుడైన నటుడు గాని, గాయకుడు గాని, ఆటగాడు గాని కన్నుమూసినాడన్న వార్త వచ్చిన ఉదయమున, ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కూడలిలో, సిమెంటు లారీల ధూళికి రంగు మారిన టీ అంగళ్ల ముందు నిలుచున్నవారిలో, ఆ పోయినవానిని జన్మలో ఒక్కసారియైనను ఎదుట చూచినవాడు ఉండకపోవచ్చును. అయినను "ఏమప్పా, మనోడు పోయినాడంటనే" అన్న మాట ఒకని నోట వెలువడుటయు, గ్లాసు పట్టిన చేతులు ఒక క్షణము ఆగుటయు, ఆ పూట ముచ్చట్లన్నియు పోయినవాని చుట్టే తిరుగుటయు మనము ఎన్నోమార్లు చూచినదే. పోయినవానితో వీరికి చుట్టరికము లేదు, ఇచ్చిపుచ్చుకొన్న అప్పు లేదు. ఆతని ఇంటి గడప ఏ ఊళ్లో ఉన్నదో కూడ అనేకులు ఎరుగరు.

ఇంట మరణము సంభవించినప్పుడు కలుగు దుఃఖములో ఎన్నో పాళ్లు కలిసియుండును. పోయినవానిపై ప్రేమ ఒక పాలు. వాడు లేని ఇల్లు ఎట్లు గడచునన్న భయమొక పాలు. బ్రతికియుండగా చేయని సేవకు పశ్చాత్తాపమొక పాలు. పొలము గట్టు మీది తగవు, బంగారము పంపకము, నలుగురేమనుకొందురోయన్న జంకు, ఇవియు ఒక మూల తొంగిచూచుచునే యుండును. మైల, కర్మ, పెద్దదినము, వీని ఏర్పాట్ల సందడిలో కడుపార ఏడ్చుటకైనను తీరిక దొరకని కొడుకులు ప్రతి ఊరిలోను ఉన్నారు. తెరమీది మనిషి పోయినప్పటి దుఃఖములో ఇవి యేవియు లేవు. ఆతని ఆస్తిలో మనకు భాగము లేదు; ఆతని మైల మనకు అంటదు; ఆతనికి పిండము పెట్టవలసిన బాధ్యతయు మనది కాదు. అయినను మనసు కలుక్కుమన్నదనిన, అందులో మమకారపు పాలు మిక్కిలి తక్కువయనియు, ఇంటి చావులలో మనకు సులభముగ చేతికి రాని నిర్మలమైన శోకమేదో అక్కడ అప్రయత్నముగ లభించుచున్నదనియు నాకు తోచును.

ఇందుకు మన దగ్గరి ఉదాహరణము జయప్రకాశ్ రెడ్డిగారు. ఎర్రగుంట్ల నుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లెల మీదుగ నంద్యాలకు 2016లో రాకపోకలు మొదలైన రైలుదారి చివర దిగి, ఆళ్లగడ్డ త్రోవను పట్టినచో శిరివెళ్ల వచ్చును. ఆయన ఆ ఊరిలో పుట్టినవారు. గుంటూరులో లెక్కల పంతులుగ పనిచేయుచు, నాటకములపై మక్కువ వీడక, 1988లో బ్రహ్మపుత్రుడు చిత్రముతో తెరకు వచ్చి, 1997లో ప్రేమించుకుందాం రా, 1999లో సమరసింహారెడ్డి చిత్రములతో తెలుగునాడంతటికిని భయము పుట్టించిన సీమ ప్రతినాయకుడైనారు. మన సీమను కత్తులకును నాటుబాంబులకును పుట్టినిల్లుగ చూపి సొమ్ము చేసికొన్న ఆ కాలపు చిత్రములపై నాకు సద్భావము లేదు. వేమనయు, అన్నమయ్యయు, వీరబ్రహ్మముగారును తిరిగిన నేలను గూర్చి ఇతర జిల్లాల పిల్లలకు తెలిసినది తొడగొట్టుట యొక్కటే యైనదన్న బాధ ఇప్పటికిని ఉన్నది. అయినను న్యాయము చెప్పవలెను. అంతకు మునుపు హాస్యమునకు తప్ప పనికిరాదనుకొన్న మన యాసను ఆయన వెక్కిరింపుగ గాక, పొలము గట్టున మన తాతలు పలికినట్లే, నిండుగ, బరువుగ, గౌరవముతో పలికినారు. కథలోని ఆ పెద్దమనిషిని తిట్టిపోసిన మన అవ్వలే "ఆ సామి నోట్లో మన మాట ఎంత నిండుగుండెనో" అని మెచ్చుకొన్నారు.

ప్రతినాయకుని కొరకు దుఃఖించుట యెట్లు సాధ్యమైనదన్న ప్రశ్నకు సమాధానము మన వీధినాటకములలో ఉన్నది. రాత్రియంతయు దుర్యోధనుడై నేల యదరగొట్టినవాడు తెల్లవారి ముఖమున రంగు కడుగుకొని అదే ఊరిలో గొడ్లకు మేత వేయబోవును. వానిని పాపిష్ఠియని ఎవరును దూరముంచరు, పైపెచ్చు "దుర్యోధనుడంటే నీవే గదా" అని పిలిచి మజ్జిగ పోయుదురు. వేషము వేరు, వేషధారి వేరన్న ఎరుకను ఆచార్యులు ఎన్నో ప్రకరణములలో బోధింపగా కష్టముమీద గ్రహించువారున్నారు. నాటకము చూచిన పల్లెజనమునకు అది చిన్ననాటనే అబ్బుచున్నది. కష్టమల్లా ఆ ఎరుకను మన సొంత వేషములకు, అనగా తండ్రి వేషమునకు, అధికారి వేషమునకు, పాలివాని పగకు అన్వయించుకొనుటలో ఉన్నది. జయప్రకాశ్ రెడ్డిగారు అలెగ్జాండర్ అను ఏకపాత్ర నాటకమున రంగస్థలము మీద తామొక్కరే నిలిచి కథయంతయు నడపెడివారు. తెరమీద ఆయనను ఎరిగినవారిలో ఆ నాటకమును చూచినవారు కొందరే.

ఆయన 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కాలధర్మము చెందినారు. కరోనా భయముతో మనుషులు మనుషుల కడచూపునకు పోలేని దినములవి. పంచాంగము తెరచి చూచినచో అది భాద్రపద బహుళ పక్షము, అనగా మహాలయ పక్షము. పితరులను తలచుకొనుటకు మన పెద్దలు ప్రత్యేకించిన పదునైదు దినములలోనే ఆయన పోయినారన్నమాట.

ఆ పక్షమున తర్పణము చేయువానిని దగ్గరగ చూచినవారికి ఒక విశేషము తెలిసియుండును. కడపకు దగ్గర, పెన్న ఒడ్డున, ఐదు నదుల కలయికగ ప్రసిద్ధికెక్కిన పుష్పగిరిలో నీటి యంచున కూర్చుండి, జందెమును కుడి భుజము మీదికి మార్చి, దక్షిణాభిముఖుడై, దర్భలు పట్టిన చేతిలోని నల్లనువ్వుల నీటిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి విడుచుచు, ఆతడు మొదట తండ్రిని, తాతను, ముత్తాతను, తల్లి వైపువారిని పేరుపేరున పిలుచును. పిదప పినతండ్రులు, మేనత్తలు, అన్నదమ్ములు. ఆపైన అత్తమామలు, గురువు, స్నేహితుడు. పురోహితుడు గోత్రమును గుర్తుచేయుచుండును. గోత్రము తెలియనిచోట కాశ్యపగోత్రమని చెప్పుట వాడుక. ఇట్లు పేర్లన్నియు ముగిసిన తరువాత, లేచిపోవుటకు మునుపు, మరియొక్క దోసిలి విడువవలెను. అది బంధువులైనవారికిని, బంధువులు కానివారికిని, ఏదో ఒక పూర్వజన్మమున బంధువులై యుండినవారికిని చెందవలెనని మంత్రము చెప్పును. ఆ దోసిలికి పేరు అక్కరలేదు, గోత్రము అక్కరలేదు. చాలమంది కాళ్లు తిమ్మిరెక్కి, వెనుక వేచియున్నవారి తొందరకు జంకి, ఆ ఒక్క మంత్రమును గబగబ ముగించి లేచుట కద్దు. నా మట్టుకు నాకు తర్పణమంతటిలోను నిలిచి చేయవలసిన ఘట్టమదే యనిపించును.

గీతలో భగవానుడు అర్జునునకు మొట్టమొదట బోధించినది శోకింప దగనివారికై శోకింపవలదనియే గదా, వేషధారులకై, ఆటగాండ్రకై కన్నీరు పెట్టుట అవివేకము గాదా యని అడుగు విరాగులు కొందరున్నారు. వారికి నా విన్నపమేమనగా, ఆ బోధను పూజించు సంప్రదాయమే ఈ దోసిలిని కూడ విధించినది. శోకమును అణచుమనుట ఒకటి. శోకమును నువ్వులు కలిపిన నీరుగ మార్చి చేయి దాటించుమనుట మరియొకటి. రెండవది మనవంటి సంసారులకు ఎక్కువ అందుబాటులో ఉన్నది.

2025 మార్చి నెలలో మూడు దినముల వ్యవధిలో ఇద్దరు పోయినారు. 9వ తేదీన తిరుపతిలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు. రాజమహేంద్రవరమున 1948లో పుట్టి, 1978లో తిరుమల తిరుపతి దేవస్థానముల అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి, అన్నమయ్య కీర్తనలు ఆరు వందలకు పైబడి స్వరపరచినవారు. మన ఎర్రగుంట్ల మీదుగ పోవు మద్రాసు రైలుదారినే రాజంపేటలో దిగినచో అన్నమయ్య పుట్టిన తాళ్లపాక వచ్చును గాన ఆయన మనకు పొరుగుబంధువని చెప్పుకొనుటకు సాహసించుచున్నాను. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద శతాబ్దముల కాలము తిరుమలలో పడియుండినవి. రేకుల మీద రాగము పేరున్నది గాని, ఆ పాటను అన్నమయ్య యెట్లు పాడెనో తెలుపు స్వరము లేదు. లోహము మాటను కాపాడినది, గొంతును కాపాడలేదు. ఆ కొరతను తీర్చిన కొద్దిమందిలో గరిమెళ్లవారొకరు. మన భజనగుళ్లలో నేడు పాడుకొను వరుసలు ఎవరివో పాడువారికి తెలియదు, కొన్ని ఆయనవి. అన్నమయ్య 1503లో పరమపదించినది ఫాల్గుణమున. గరిమెళ్లవారు వెళ్లినదియు ఫాల్గుణముననే. కాకతాళీయమే కావచ్చును, నేను దీనిపై సిద్ధాంతమేమియు కట్టను.

12వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియాలో సయ్యద్ అబిద్ అలీగారు తమ 83 యేండ్ల వయసున. ఆయన హైదరాబాదు ఆటగాడు. 1967లో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీసినవాడు. 1971 ఆగస్టు 24న లండను ఓవల్ మైదానములో, ఇంగ్లండు గడ్డపై భారతదేశమునకు తొలి టెస్టు విజయము సమకూర్చిన ఆ కడపటి ఫోరు కొట్టినది ఆయన బ్యాటే. నటునికి వేషమున్నది, ముసలితనమున వేషము మార్చుకొనును, గాయకునికి శిష్యులున్నారు, ఆటగానికి ఉన్నది శరీరమొక్కటే, అదియు నలుబది యేండ్లు నిండకమునుపే ఆతనిని విడిచి ముందుగ వెళ్లిపోవును. తక్కిన సగము జీవితము ఆతడు తన పూర్వదేహమునకు తానే సాక్షియై బ్రతుకవలెను. దేహము వేరు, దేహి వేరన్న పాఠము ఇంత బాహాటముగ, ఇంత నిర్దయగ మరియెవరికిని చెప్పబడదు. అబిద్ అలీగారు పోయినది రంజాను నెల. ఆయనకు నువ్వుల నీరేల యని నవ్వవలదు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శనమునకు ముస్లిములు బారులు తీరు జిల్లా మనది. ఫాతిహా చదువువారు చదువుదురు. దోసిలి పట్టువారు పట్టుదురు.

అదే 2025 జూలై 13న నటులు కోట శ్రీనివాసరావుగారును, మరునాడే నటి బి.సరోజాదేవిగారును వెళ్లిరి. అప్పుడు ఊరూర వెలసిన ఫ్లెక్సీలను గూర్చి ఒకమాట. నడుమ పోయినవారి బొమ్మ, క్రింద ఆ ఫ్లెక్సీ కట్టించిన బ్రతికియున్నవారి బొమ్మలు వరుసగ. చూడవచ్చినవానికి పోయినవారెవరో ఒక క్షణము తెలియనంతటి పోటీ. మమకారము లేని శోకమని నేను మెచ్చుకొన్నదానిలోనికి మమకారము దొడ్డిదారిన వచ్చు విధమిది. మరల ఒక్క వానకు, రెండు గాలులకు ఆ ఫ్లెక్సీ ఊడి, ఎవరి కళ్లములోనో చెనిక్కాయల కుప్ప మీద పరచబడి మంచును కాచును. దానిని అపచారమనువారున్నారు గాని, నాకట్లు తోచదు. కూడలిలో ఉన్నప్పటికంటె అక్కడ ఆ బొమ్మ కొంత మేలు చేయుచున్నది.

ఇక పత్రికకెక్కనివారి సంగతి. మన పల్లెల భజనగుడిలో నెలల తరబడి మకాముండి, చెక్కలు చేతికిచ్చి, మొరటు యువకులను ముప్పదిమందిని లాంతరు వెలుగులో ఒక్క అడుగు మీద నడిపించి, వారు పంచి యిచ్చిన గింజలను మూట కట్టుకొని మరియొక ఊరికి తరలిపోయిన చెక్కభజన గురువులు ఉండిరి. బండలాగు పోటీలలో గిత్తల తోకలు మెలిపెట్టకయే గెలిపించిన తోలువాండ్రు ఉండిరి. వారు ఎప్పుడు పోయినారో, ఎక్కడ పోయినారో తెలియదు, వారికై ఏ కూడలిలోను ఏ చేయియు ఆగలేదు. తర్పణము చేయువారు ఆ చివరి దోసిలిని విడుచుటకు మునుపు ఒక క్షణము నిలిచి, తెరమీది వారితోపాటు వీరిలో ఒక్కనినైనను మనసునకు తెచ్చుకొనిన చాలును. మంత్రము లేని ఇండ్లలో పెద్దలకు పెట్టుకొనునాడు ఒక ఆకు ఎక్కువ వేయవచ్చును. ఆ ఆకులో ఏమి వడ్డింపవలెనన్న సందేహము కలిగినచో ఊరిలోని ముసలివారినడిగి చూడుడు. ఆ గురువునకు రాగిసంగటియు ఊరిబిండియు ఇష్టమో, పులగము ఇష్టమో, ఆయన వద్ద అడుగులు నేర్చినవారికి ఇంకను జ్ఞాపకముండును.